నూటపది మీద ఆగిన ముల్లు

పోలీసు స్టేషను వెనక రేకుల షెడ్డులో ఆ కారు నిలబెట్టి ఉంది. ముందు భాగం నుజ్జునుజ్జయింది. బురుల్ సాదిరోవా డ్రైవరు సీటులో కూర్చుని, టార్చి వెలుగులో డ్యాష్‌బోర్డును చూస్తోంది. పది నిమిషాల నుంచి చూస్తోంది. దేన్నీ ముట్టుకోలేదు.

"అందులో సినిమా ఏమన్నా వస్తోందా అక్కా?" అన్నాడు గుమ్మంలో నిలబడిన కెప్టెన్ ఎల్దియార్.

"వస్తోంది. కథే అర్థం కావట్లేదు. లోపలికి రా."

బురుల్ ఈ అక్‌తెరెక్ పట్టణానికి బదిలీ మీద వచ్చి రెండు నెలలయింది. హత్యకేసులు చూసే అధికారి, మేజరు హోదా. ఎల్దియార్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, రోడ్డు ప్రమాదాల నిపుణుడు. తన రిపోర్టు మీద ఇంకొకరు టార్చి వేసి చూడటం అతనికి మొదటి నిమిషం నుంచీ నచ్చలేదు.

చనిపోయినవాడు దోలోత్ ఇసాయెవ్. జిల్లా పశువుల డాక్టరు, యాభై ఎనిమిదేళ్ళు. ఆదివారం సాయంత్రం నాలుగూ నలభైకి ఇంటి నుంచి కారులో బయలుదేరాడు. సోమవారం ఉదయం ఏడూ యాభైకి, కెర్‌తోర్ కనుమ రోడ్డు కింద లోయలో, ఒక గొర్రెల కాపరి ఆ కారును చూశాడు. లోపల డాక్టరు తల పగిలి చచ్చిపోయి ఉన్నాడు. ఇంటికీ ఆ లోయకీ నలభై మూడు కిలోమీటర్లు. ఎల్దియార్ ఎనిమిదీ ఇరవైకి అక్కడికి చేరాడు. బానెట్ ముడుచుకుపోయి తెరుచుకోలేదు. ఎనిమిదీ ఇరవై అయిదుకి పగిలిన అద్దంలోంచి డ్యాష్‌బోర్డు ఫొటో తీశాడు. స్పీడోమీటరు ముల్లు నూటపది మీద ఆగి ఉంది. ఆ మలుపులో నలభై దాటకూడదు. అతని రిపోర్టు ఒకటిన్నర పేజీ, చివరి వాక్యం: 'తప్పు పూర్తిగా మృతునిదే.'

"ఆ ముల్లు ఎందుకు ఆగిందో ఇంకోసారి చెప్పు," అంది బురుల్.

ఎల్దియార్ నిట్టూర్చాడు. "పాత బండ్లలో ముల్లుకి స్ప్రింగుండేది. బండి ఆగితే సున్నాకి లాగేసేది. ఇందులో స్ప్రింగు లేదు. ఒక్కో ముల్లు వెనక వేలి కొసంత మోటారు ఉంటుంది. చిప్పు ఎంత తిప్పమంటే అంత తిప్పుతుంది. బండి బండకి గుద్దుకుంది, బ్యాటరీ వైరు తెగింది, కరెంటు పోయింది. ఇక తిప్పేవాడూ లేడు, లాగేవాడూ లేడు. ముల్లు ఎక్కడిదక్కడే. మనుషులు అబద్ధాలు చెప్తారక్కా, ముల్లు చెప్పదు."

"బాగా చెప్తావు. ఎక్కడ నేర్చుకున్నావ్?"

"రాజధానిలో మూడు వారాల కోర్సు. సర్టిఫికెట్టు గోడ మీదే ఉంది, చూళ్ళేదా?"

"చూశాను. స్టేషనుకి టీ తెచ్చేవాడు కూడా దాన్ని చదివి వినిపించాడు." బురుల్ టార్చిని కొంచెం కిందికి దించింది. "మరి ఈ చిన్న ముళ్ళ సంగతేంటి? పెట్రోలు ముల్లు అడుగున ఉంది. ట్యాంకులో పుల్ల పెట్టి చూశాను, సగం పైనే ఉంది. ఇంజను వేడి చూపించే ముల్లూ అడుగునే ఉంది. అంత దూరం కనుమ రోడ్డెక్కిన ఇంజను అంత చల్లగా ఉంటుందా?"

"పద్దెనిమిదేళ్ళ బండి. జపానోళ్ళు వాడి వాడి వదిలేస్తే ఓడెక్కి మనకొచ్చింది. చిన్న ముళ్ళు పనిచేస్తేనే ఆశ్చర్యపోవాలి."

"పెద్దవి మాత్రం నిక్కచ్చిగా పనిచేశాయి. నూటపది గీత మీద ఒకటి, ఇంజను తిరుగుళ్ళు మూడు వేల గీత మీద ఇంకోటి. వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు."

బురుల్ కారు దిగి ముందుకు వెళ్ళింది. వంగిపోయిన బానెట్‌ను ఎవరో గునపంతో లేపి ఉంచారు. బ్యాటరీ నల్లవైరును చేత్తో చివరిదాకా తడిమింది. ఎక్కడా తెగలేదు. దాని కొసనున్న క్లిప్పు బ్యాటరీ బొడిపె మీంచి ఊడి పక్కన పడి ఉంది. క్లిప్పు నట్టును మర కొసదాకా వదులు చేసి ఉంది. నట్టు అంచున పానా గీసిన మెరుపు కొత్తగా ఉంది. ఫ్యూజుల పెట్టె తెరిచి ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పెట్టి చూసింది. ఒక్కటీ కాలలేదు.

"వైరు తెగిందని రాశావు."

ఎల్దియార్ వంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సోమవారం బానెట్ తెరుచుకోలేదు కదా. తెగిందనుకున్నాను."

అప్పుడే షెడ్డు ముందు ఒక క్రేన్ లారీ ఆగింది. దాని యజమాని మెదెర్ దిగాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మెడ లావు, నవ్వు మొహం. జిల్లాలో ఎక్కడ బండి పడినా తీసుకొచ్చేది అతనే. చేతిలో కాగితం ఉంది.

"సలాం అక్కా. దీని మీద సంతకం పడేస్తే ఈ తుక్కు నేను తీసుకెళ్ళిపోతా. మీకు షెడ్డు ఖాళీ అవుతుంది."

"తొందరేముంది? సోమవారం ఎన్నింటికెళ్ళావు అక్కడికి?"

"ఎనిమిదీ యాభై. కెప్టెన్ని అడగండి."

"బానెట్ లేపింది?"

"నేనే. గునపం పెట్టి."

"మరి బ్యాటరీ క్లిప్పు?"

మెదెర్ చూపు ఒక్క క్షణం బ్యాటరీ మీదికి వెళ్ళి వచ్చింది. "అదీ నేనే ఊడదీశా. పెట్రోలు కారుతోందేమో, నిప్పురవ్వ లేస్తే లారీతో సహా నేనూ పోతా. మా పనిలో ముందు చేసేదదే అక్కా."

"అప్పటిదాకా బిగించే ఉందా?"

"బిగించే ఉంది. పానాతో రెండు తిప్పులు తిప్పితేగానీ రాలేదు."

"చూశారా?" అన్నాడు ఎల్దియార్, ఊపిరి పీల్చుకుని. "పానా గుర్తులకి జవాబు దొరికింది."

"దొరికింది," అంది బురుల్. నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి, టైములు రెండుసార్లు చదివి వినిపించి, మెదెర్ చేత కింద సంతకం చేయించింది. తర్వాత అతను తెచ్చిన కాగితం తిరిగి ఇచ్చేసింది. "కారు ఇవ్వను."

ఆమె స్క్రూడ్రైవరు అందుకుని డ్యాష్‌బోర్డు మరలు విప్పటం మొదలుపెట్టగానే ఎల్దియార్ అడ్డం వచ్చాడు.

"ఏం చేస్తున్నారు? దానికి కరెంటిస్తే ముల్లు సున్నాకి పోతుంది. ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది. మీరు చెరిపేశారని నేనే పైకి రాస్తా."

"రాయి. ఇవ్వకూడదనే కదా నేను తాళం తిప్పనిది." చివరి మర ఊడింది. "నీకు అనుమానమైతే నా వెంటే ఉండు. కళ్ళు మూయకు. ఈ ఊళ్ళో ఇవి బాగుచేసేవాళ్ళు ఎవరు?"

"ఒక్కడే ఉన్నాడు. బస్టాండు వెనక రావిల్ అన్న."

గోధుమరంగు సంచీలో డ్యాష్‌బోర్డు పెట్టుకుని వాళ్ళు బయటికి వస్తుంటే మెదెర్ లారీ మెట్టు మీద కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. సంచీ వైపు చూశాడు.

దారిలో బురుల్ డాక్టరు ఇంటి ముందు ఆపమంది. వాకిట్లో శవాన్ని ఉంచటానికి వేసిన ఉన్ని గుడారం ఇంకా విప్పలేదు. భార్య కుల్‌సున్ ఇద్దరి ముందూ రొట్టె పెట్టింది. ఇద్దరూ చెరో ముక్క విరిచి నోట్లో వేసుకున్నాక గానీ ఆమె మాట్లాడలేదు.

"ఫోనొచ్చింది. ఆవుకి కడుపుబ్బిందన్నారట. పైన కొండ మీదికెళ్తే రాత్రి అక్కడే పడుకుంటాడు కదా అని నేను తలుపేసుకున్నాను."

"ఎవరు చేశారో చెప్పారా వదినా?"

"చెప్పలేదు. ఎవరు పిలిచినా వెళ్ళే మనిషి. అడగటం నేనూ మానేశాను."

"ఆయనతో గొడవపడిన వాళ్ళెవరైనా?"

కుల్‌సున్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తొరోబెక్ అని ఒకడు. ఏడొందల గొర్రెలు సరిహద్దు దాటించాలి, ఈయన సంతకం కావాలి. మందకి జబ్బుంది, మనుషులకీ అంటుతుంది, నేను పెట్టనన్నాడు ఈయన. పోయిన నెల ఈ వాకిట్లోనే నిలబడి అరిచి పోయాడు. 'నువ్వు పోతే ఇంకొకడొస్తాడు, వాడు పెడతాడు' అన్నాడు."

ఎల్దియార్ టీకప్పు కింద పెట్టాడు. ఏదో అనబోయి మానుకోవటం బురుల్ గమనించింది.

"డాక్టరుగారు కారు ఎంత దూరం నడిపిందీ ఎక్కడన్నా రాసేవారా?"

"రొట్టెలకెళ్ళినా రాసేవాడు. ప్రభుత్వం పెట్రోలు కదా, ఒక్క చుక్క తేడా రాకూడదని." ఆమె లేచి, తలుపు పక్కన తాళాలు తగిలించే మేకు నుంచి దారం కట్టిన పుస్తకం తెచ్చింది. "నేను నవ్వేదాన్ని."

చివరి పంక్తి ఆదివారానిది. టైము నాలుగూ నలభై. బయలుదేరేముందు మీటరు అంకె: లక్షా ఎనభై నాలుగు వేల రెండు వందల ఆరు.

రావిల్ షెడ్డు ఇటుక గోడలది, ముందు రేకు గేటు. రావిల్ అరవై దాటిన తాతారు జాతివాడు, ఒకప్పుడు రేడియోలు బాగుచేసినవాడు. సంచీలోంచి తీసిన డ్యాష్‌బోర్డును బల్ల మీద పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"దీనికి కరెంటు ఇవ్వకూడదు," అంది బురుల్.

"తెలుస్తోంది తల్లీ, నూటపది మీదుంది కదా." అటక మీంచి అదే రకం పాత డ్యాష్‌బోర్డు ఒకటి దించాడు. దాని స్పీడు ముల్లు అరవై మీద ఉంది. రెండు వైర్లు తగిలించి స్విచ్చి వేశాడు. ముల్లు గబగబా వెనక్కి వెళ్ళి, సున్నాకి కింద ఉన్న బొడిపెకి టకటకా కొట్టుకుని, ఒక్క మెట్టు పైకొచ్చి సున్నా మీద నిలబడింది.

"ఎందుకలా కొట్టుకుంది?"

"చిప్పుకి కళ్ళు లేవు. ముల్లెక్కడుందో దానికి తెలీదు, అడుగులు లెక్కపెట్టటమే తెలుసు. గుడ్డివాడు గోడ తడిమి అక్కణ్ణుంచి అడుగులేసుకున్నట్టు, తాళం తిప్పినప్పుడల్లా ముల్లుని ఆ బొడిపెకి ఆనించి, అక్కణ్ణుంచి లెక్క మొదలెడుతుంది."

"సరే. బండి నూటపదిలో పోయి దేన్నో గుద్దుకుని ఆగిపోయింది. కరెంటు మాత్రం పోలేదు. అప్పుడు ముల్లెక్కడుంటుంది?"

"చక్రం ఆగితే సున్నా. ఒకటి రెండు సెకన్లు."

బురుల్ నోటుపుస్తకం తెరిచి ఎల్దియార్ ముందు పెట్టింది. "చదువు. మెదెర్ సంతకం. క్లిప్పు ఎనిమిదీ యాభై దాకా బిగించే ఉందట. అంటే అప్పటిదాకా కరెంటుంది. నువ్వు ఫొటో తీసింది ఎనిమిదీ ఇరవై అయిదుకి. అప్పటికి ముల్లు సున్నా మీద ఉండాలి. నూటపది మీదెందుకుంది?"

ఎల్దియార్ చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"క్లిప్పు ముందే ఊడి ఉంది," అన్నాడు చివరికి. "వాడు ఊడదీయలేదు. అబద్ధం చెప్పాడు."

"ఎందుకు చెప్పాడు? ఆ పానా గుర్తులకి ఒక జవాబు కావాలి గనక. అన్నా, బండి కదలకుండా ముల్లుని నూటపదికి తేవచ్చా?"

రావిల్ పాత డ్యాష్‌బోర్డు మీదున్న చిన్న మీటను నొక్కి పట్టుకుని మళ్ళీ స్విచ్చి వేశాడు. ముళ్ళన్నీ అడుగుకి వెళ్ళాయి. తర్వాత రెండు పెద్దవి మాత్రం మెల్లగా లేచాయి. స్పీడుది నూటపది మీద, పక్కది మూడు వేల మీద నిలబడ్డాయి. గీతల మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా. చిన్న ముళ్ళు రెండూ అడుగునే ఉన్నాయి.

"ఇది మోటార్లు సరిగ్గా ఉన్నాయా అని చూసుకునే పరీక్ష. ముందు పెద్దవి లేస్తాయి, మూడు సెకన్లు ఆగుతాయి, తర్వాత చిన్నవి," అంటూ రావిల్ వైరు లాగేశాడు. ముళ్ళు అక్కడే ఉండిపోయాయి.

బల్ల మీద ఇప్పుడు రెండు డ్యాష్‌బోర్డులు పక్కపక్కన ఉన్నాయి. ఇందులో నాలుగు ముళ్ళూ అందులో నాలుగు ముళ్ళలాగే ఉన్నాయి. ఎల్దియార్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"కారుని లోయలోకి తొయ్యకముందే చేశారు. ఒక్కడి పని కాదు," అంది బురుల్. "ఒకడు లోపల మీట నొక్కాలి. ఇంకొకడు బానెట్ దగ్గర పానాతో క్లిప్పు ముందే వదులు చేసి, ఆ మూడు సెకన్లలో లాగాలి. అన్నా, ఇది ఎలా చెయ్యాలో నిన్నెవరైనా అడిగారా?"

రావిల్ రెండు చేతులూ బల్ల కింద పెట్టుకున్నాడు. "పది పన్నెండు రోజుల కింద. మెదెర్. తుక్కు బండ్ల డ్యాష్‌బోర్డులు అమ్ముకుంటా, పరీక్ష ఎలా చెయ్యాలో చెప్పమన్నాడు. చెప్పాను. ఆ మాటలో తప్పేం కనబడుతుంది తల్లీ?"

"ఏం కనబడదు. ఇంకో పని. ఈ కారు ఎంత దూరం తిరిగిందో లోపల రాసి ఉంటుంది కదా. ముల్లు కదలకుండా చూడగలవా?"

"చూడగలను. గుర్తుపెట్టుకునే చిప్పు వేరు, ముల్లు తిప్పే చిప్పు వేరు." డ్యాష్‌బోర్డు వెనక మూత తీసి, సోల్డరింగ్ కడ్డీ వేడి చేసి, పెసరగింజంత నల్ల ముక్కను ఊడదీశాడు. దాన్ని ఒక చిన్న పెట్టెలో అమర్చి పాత ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. పని పూర్తవటానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఎల్దియార్ ఆ పన్నెండు నిమిషాలూ నూటపది మీదున్న ముల్లు మీంచి చూపు తిప్పలేదు. అది కదల్లేదు.

"లక్షా ఎనభై నాలుగు వేల రెండు వందల పదిహేను," అని చదివాడు రావిల్.

బురుల్ డాక్టరు పుస్తకం పక్కన పెట్టింది. "ఇంటి దగ్గర రెండు వందల ఆరు. లోయ నలభై మూడు కిలోమీటర్ల దూరం. ఈ కారు తన చక్రాల మీద నడిచింది తొమ్మిదే. మిగతా ముప్పై నాలుగూ ఇంకోదాని మీద కూర్చుని వెళ్ళింది. క్రేన్ లారీ మీద కారు పోతుంటే ఎవడు తలతిప్పి చూస్తాడు? కెప్టెన్, డాక్టరింటికి తొమ్మిది కిలోమీటర్లలో ఏముంది?"

ఎల్దియార్ ముల్లు మీంచి చూపు తిప్పాడు. "పశువుల సంత. దాని వెనకే మెదెర్ యార్డు."

"ఇందాక డాక్టరింట్లో ఏదో అనబోయావు."

"తొరోబెక్ మెదెర్‌కి అన్న. సొంత అన్న. అది వినగానే నాకు... ఊరంతా చుట్టరికాలే కదా, ఏముందిలే అనుకున్నాను."

"నువ్వు చెప్పనిది ఇంకేమన్నా మిగిలిందా?"

అతను నేల చూస్తూ చెప్పాడు. "మూడు వారాల కింద మా మేనమామ కొడుకు పెళ్ళి. మెదెర్ నా పక్కనే కూర్చున్నాడు. నాలుగు గ్లాసులయ్యాక ఈ ముల్లు కథ నేనే చెప్పాను. కరెంటు పోతే ఆగిపోతుందని, ముల్లుంటే నాకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదని, ముల్లు చూసి రిపోర్టు రాసి పారేస్తానని. బల్ల చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. వాడు గ్లాసు నింపి, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను." అతను తల ఎత్తాడు. "డాక్టరు మా నాన్న గుర్రానికి రెండుసార్లు ప్రాణం పోశాడక్కా. నేను ఆయన మీద తప్పు రాశాను."

బురుల్ ఓదార్చలేదు, దెప్పలేదు. "రిపోర్టు తిరగరాయొచ్చు. ఇదంతా కాగితం మీద పెట్టి సంతకం చేస్తావా? పెళ్ళి సంగతితో సహా?"

"చేస్తాను."

అతని ఫోను మోగింది. తెర మీద పేరు చూసి ఎల్దియార్ దాన్ని ఆమె వైపు తిప్పాడు. మెదెర్. బురుల్ తల ఊపింది. అతను స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

"కెప్టెన్, రావిల్ దగ్గరున్నావు కదా," అంది మెదెర్ గొంతు. ఇప్పుడందులో నవ్వు లేదు. "ఆ సంచీ తీసుకుని నువ్వొక్కడివే బయటికి రా. దారిలో కిందపడి పగిలిందని చెప్పు, ఎవరడుగుతారు? ముల్లు పాఠం నాకు చెప్పింది నువ్వే. కేసు తిరగబడితే మొదట నీ పేరే వస్తుంది. నీ ఉద్యోగం, నీ పరువు. ఆలోచించుకో."

ఎల్దియార్ ముందుకు వంగాడు.

"సరిగ్గా వినబడలేదు మెదెర్. మేజర్ సాదిరోవా పక్కనే ఉంది, రాసుకుంటోంది. ఇంకోసారి చెప్పు, కొంచెం గట్టిగా."

అవతల ఎవరో ఇంకొకరు బూతు తిట్టటం వినబడింది. ఫోను కట్ అయింది. ఆ వెంటనే గేటు బయట ఇంజను గట్టిగా అరిచింది. రావిల్ కిటికీలోంచి చూసి వెనక్కి జరిగాడు. క్రేన్ లారీ వెనక్కి వస్తోంది. దాని పక్కన ఒక పొడుగాటి మనిషి చేత్తో దారి చూపిస్తున్నాడు, రెండో చేతిలో పెట్రోలు డబ్బా ఉంది.

"తొరోబెక్," అన్నాడు ఎల్దియార్.

"నీ తుపాకీ?"

"కారులో. కారు గేటు బయటుంది. మీది?"

"స్టేషను బీరువాలో." బురుల్ చిప్పును రుమాల్లో చుట్టి లోపలి జేబులో పెట్టుకుంది. డ్యాష్‌బోర్డును సంచీలోకి దించి రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుంది. "స్టేషనుకి ఫోన్ చెయ్. అన్నా, వెనక తలుపుందా?"

లారీ వెనక భాగం రేకు గేటుకి తగిలింది. గేటు లోపలికి ఉబ్బింది. పై గొళ్ళెం ఎగిరి పడింది.

"ఉండేది తల్లీ," అన్నాడు రావిల్. "గాలి కొడుతోందని పోయిన చలికాలం ఇటుకలు పెట్టి మూసేశాను."